కరెంటు లేనప్పటి లెక్క

ఆ వానాకాలం మొదట్లో మా ఆవిడ చేపల్ని తగ్గించడం మొదలుపెట్టింది.

మా ముందుగదిలో కిటికీ కింద నాలుగడుగుల అద్దాల తొట్టి ఉండేది. అందులో ముప్పైకి పైగా చేపలు. నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. మా ఇంట్లో లెక్కలు ఆవిడ శాఖ. బడిలో కూడా ఆవిడ చెప్పేది లెక్కలే. నాది లిఫ్టుల మరమ్మతు. ఊళ్లో ఏ మేడలో లిఫ్టు మొరాయించినా నా ఫోను మోగేది. కరెంటు పోయిందంటే ఇక చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు రెండంతస్తుల మధ్య ఇరుక్కుని, లోపల్నుంచి తలుపులు బాదుతూ ఉంటారు. అన్నం ముందు కూర్చున్నా లేచి వెళ్లాలి.

ఆవిడకి ఇక మందులు నొప్పికేగాని జబ్బుకి కాదని పెద్ద డాక్టరు చెప్పి అప్పటికి వారం. ఆ రోజు ఆసుపత్రి నుంచి ఇంటికి రాగానే ఆవిడ చెప్పులు విప్పి, తిన్నగా తొట్టి దగ్గరికెళ్లి మేత చల్లింది.

"పాపం, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అంది.

మేమూ తినలేదు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

వారం తిరిగాక ఒక మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. గుమ్మంలో అడుగు పెట్టగానే ఏదో తేడాగా అనిపించింది. తొట్టిలో గాలి పంపు రాత్రింబవళ్లు బుడబుడమంటూనే ఉంటుంది. ఆగితే తప్ప ఆ చప్పుడు ఉందని చెవికి తెలియదు. ఆ రోజు ఆగింది. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, పంపు మాత్రం ఆగింది. చేపలన్నీ పైకొచ్చి, నీటి మీద నోళ్లు పెట్టి, గుటక గుటకగా గాలి తాగుతున్నాయి. ఆవిడ ఎదురుగా కుర్చీలో కూర్చుని, అరచేతిలో వాచీ పెట్టుకుని చూస్తోంది.

నేను స్విచ్చు దగ్గరికి పరుగెత్తాను.

"ముట్టుకోకండి" అంది.

"చంపేస్తావా ఏంటి వాటిని?"

"చావనివ్వను లెండి. ఎంతసేపటికి పైకొస్తాయో చూస్తున్నా. ఇంత త్వరగా వస్తాయనుకోలేదు."

"చూసి ఏం చేస్తావు?"

ఆవిడ వాచీ మీంచి కళ్లెత్తింది. "కరెంటు పోతే మీరెక్కడుంటారు?"

"ఎక్కడుంటాను? ఎవరి లిఫ్టులోనో."

"అప్పుడు ఇంట్లో ఎవరుంటారు?"

"నువ్వుంటావుగా" అన్నాను.

పెళ్లయినప్పటినుంచీ నా నోట్లో నానిన మాట అది. గ్యాస్ బండ వస్తే ఎవరు తీసుకుంటారు, నువ్వుంటావుగా. అమ్మాయి బడినుంచి వస్తే ఎవరుంటారు, నువ్వుంటావుగా. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ వాచీ పక్కన పెట్టింది. లేచి, గోడ పట్టుకుని నడిచి, తనే పంపు స్విచ్చు వేసింది. బుడగలు మొదలయ్యాక ఒక్కొక్క చేపా కిందికి దిగింది.

"చేతులు కడుక్కోండి. వడ్డిస్తా" అంది.

అప్పటిదాకా కరెంటు పోయినప్పుడల్లా ఆవిడే తొట్టి పక్కన స్టూలు వేసుకుని, మళ్లీ వచ్చేదాకా చేత్తో నీళ్లు చిలుకుతూ కూర్చునేదట. అన్నేళ్లలో నేనది ఒక్కసారి కూడా చూడలేదు. ఎలా చూస్తాను? కరెంటు లేనప్పుడు నేను ఇంట్లో ఉంటేగా.

ఆ సాయంత్రం నేను ఇన్వర్టరు కొందామన్నాను. లేదంటే బ్యాటరీతో నడిచే పంపు.

ఆవిడ నవ్వింది. "అన్ని మేడల్లోనూ లిఫ్టుకి బ్యాటరీ ఉంటుంది కదండీ, కరెంటు పోతే దగ్గర్లో ఉన్న అంతస్తుకి తెచ్చి ఆపడానికి?"

"ఉంటుంది."

"మరి మిమ్మల్నెందుకు పిలుస్తారు?"

ఆ బ్యాటరీలు పట్టించుకునేవాళ్లు లేక చచ్చి ఊరుకుంటాయి. అవసరం పడ్డ రోజునే ఆ సంగతి బయటపడుతుంది.

"బ్యాటరీని నమ్మేదుంటే మీకు అన్నం పుట్టేదే కాదు" అంది. "చేపల దుకాణాయన చెప్పేది పంపు నడిచేటప్పటి లెక్క. ఇన్ని నీళ్లకి ఇన్ని చేపలని. నాకు పంపు లేనప్పటి లెక్క కావాలి. మీరు వచ్చేదాకా అవి బతికుండాలి కదా."

మర్నాటి నుంచి తీసివేతలు మొదలయ్యాయి. ముందు నల్ల మోలీలు వెళ్లాయి. చేపల దుకాణాయన ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు నింపి, వాటిని పట్టుకుని, సగం గాలి ఊది ముడేసుకుని తీసుకెళ్లాడు. "తొట్టి అమ్మేస్తారా అమ్మగారూ?" అని అడిగాడు. "తొట్టి కాదు, ఇరుకు అమ్మేస్తున్నా" అంది ఆవిడ. రెండ్రోజులాగి మళ్లీ పంపు ఆపి, వాచీ పట్టుకుని కూర్చుంది. మళ్లీ కొన్ని పంపింది.

నాకు ఆ ఖాళీ నచ్చలేదు. పనినుంచి వచ్చేసరికి ఏదో ఒక రంగు తగ్గి ఉండేది. అడిగితే ఎవరికిచ్చిందో చెప్పేది, ఎందుకో చెప్పేది కాదు. ఇంట్లోంచి ఒక్కొక్క సామానూ ఎవరో తీసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డట్టుండేది. ఒకరోజు దారిలో ఆ దుకాణం ముందు నా కాళ్లు వాటంతటవే ఆగాయి. నారింజ రంగు గోల్డ్ ఫిష్ రెండు, బొటనవేలంత పిల్లలు, సంచిలో వేయించుకుని ఇంటికి తెచ్చాను. కుర్చీలో ఉన్న ఆవిడ ముందు ఆ సంచి పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ సంచి వైపు చూసింది. నా వైపు చూసింది.

"నేనిక్కడ తీసివేతలు చేస్తుంటే మీరు కూడికలు చేస్తారేంటి?"

"రెండే కదా."

"రెండా! ఇవి పెరిగితే ఒక్కోటి నాలుగు చేపల గాలి తాగుతుంది. ఏ చేపా వద్దు మొర్రో అని నేను మొత్తుకుంటుంటే..."

"ఉండనీవే. అన్నీ పోతున్నాయి. ఏదో ఒకటి రావద్దా ఇంటికి?"

గొంతు ఎందుకు పెరిగిందో నాకే తెలియదు. ఆవిడ చెయ్యి చాపి సంచి తీసుకుంది. దీపం వైపు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"కళ్లు బాగున్నాయి. మంచివే ఏరుకున్నారు" అంది. "ఈ రాత్రికి ఉండనివ్వండి. రేపు వెళ్లేటప్పుడు ఇచ్చేసి వెళ్లండి."

ఇచ్చేశాను. దుకాణాయన నన్ను ఎగాదిగా చూశాడు.

అందరికంటే పెద్దది హెడ్మాస్టరు. అరచేయి కంటే పొడుగైన గోల్డ్ ఫిష్. పొట్ట ముందుకేసుకుని, మెల్లగా ఈ చివర్నుంచి ఆ చివరికి పచార్లు చేసేది. దాన్ని చూడగానే మిగతావి సర్దుకుని దారిచ్చేవి. ఆవిడ బడిలో పాత హెడ్మాస్టరు నడక అచ్చం అలాగే ఉండేదట. నేను తలుపు తీయగానే అద్దం దగ్గరికొచ్చి ఆగేది ఆ ఒక్కటే. మేత కోసమేనని ఆవిడ, కాదు నా కోసమేనని నేను, ఏళ్లతరబడి వాదులాడుకున్నాం.

"హెడ్మాస్టర్ని ఎప్పుడు దింపి వస్తారు?" అని అడిగింది ఒకరోజు, నా కంచంలో కూర వేస్తూ.

"ఎక్కడికి?"

"పళ్ల డాక్టరు దగ్గరికి. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. క్లినిక్‌లో మనదానికి రెండింతల తొట్టి ఉంది. జనరేటరుంది. అన్నీ మాట్లాడేశా."

"అది మాత్రం ఎక్కడికీ వెళ్లదు."

"అది తాగే గాలికి..."

"గాలి, గాలి, గాలి! నాకు వద్దు నీ లెక్క. దాన్ని నేను చూసుకుంటా. పని మానేస్తా, సరేనా? ఇంట్లోనే కూర్చుంటా!"

ఆవిడ గరిటె కింద పెట్టింది. "మీరు పని మానేసి ఇంట్లో కూర్చుంటే" అంది నెమ్మదిగా, "చేపల కంటే ముందు మీరు పోతారు."

మర్నాడు మూతున్న బకెట్లో హెడ్మాస్టర్ని పెట్టుకుని, ఒళ్లో గట్టిగా పట్టుకుని ఆటోలో వెళ్లాను. గతుకు వచ్చినప్పుడల్లా లోపల డుబుక్కుమనేది. క్లినిక్‌లో బల్ల దగ్గరున్న అమ్మాయి తలెత్తకుండానే "టోకెన్ తీసుకోవాలండీ. పేషెంటు పేరు?" అంది.

"హెడ్మాస్టరు" అన్నాను, నోటికొచ్చింది అదే.

"వయసు?"

"తొమ్మిదేళ్లు."

అప్పుడు తలెత్తింది. బకెట్ మూత తీసి చూపించాను. బెంచీ మీద చెంప పట్టుకుని కూర్చున్న ముసలాయన ఒకడు, నొప్పి మరిచిపోయి పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. డాక్టరు బయటికొచ్చి, "మేడమ్ ఎలా ఉన్నారండీ?" అని అడిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆ పెద్ద తొట్టిలో వదలగానే హెడ్మాస్టరు ఒక్క క్షణం అలాగే ఆగాడు. తర్వాత తోక విదిలించి, అక్కడి చేపల్లోకి వెళ్లిపోయాడు. అద్దం మీద వేలితో తట్టాను. వెనక్కి తిరగలేదు.

ఇంటికొచ్చేసరికి ఆవిడ పడుకుని ఉంది. "ఎలా ఉన్నాడు?" అంది.

"నన్ను పట్టించుకోలేదు. పోయి వాటిల్లో కలిసిపోయాడు."

"మంచిదే" అని గోడవైపు తిరిగింది. ఆ చేపని గోరంత ఉన్నప్పటినుంచి పెంచింది ఆవిడ. నాకది అప్పుడు గుర్తొచ్చింది. పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. వెన్నెముక ఎముకలు వేళ్లకి తగిలాయి.

ఆ ఆదివారం అమ్మాయి వచ్చింది. తన ఇల్లు ఊరి రెండో చివర. వారానికోసారి వచ్చి, ఇల్లంతా సర్ది, తల్లి తల దువ్వి వెళ్లేది. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. పడకగదిలో తల్లీకూతుళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"ఇప్పుడీ చేపల గోల అవసరమా అమ్మా? హాయిగా పడుకోక."

"పడుకునే ఉన్నాగా. నోరేగా పనిచేస్తోంది."

"నాన్న గురించి బెంగపడకు. మా ఇంటికి తీసుకెళ్తాను. మా ఆయన కూడా సరే అన్నారు."

"వస్తారే. పది రోజులుండి, ఏదో లిఫ్టు పేరు చెప్పి తిరిగొచ్చేస్తారు. ఆయన సంగతి నాకు తెలీదా?"

"అయితే ఈ మిగిలినవి కూడా ఎవరికైనా ఇచ్చెయ్. నాన్నకెందుకు ఈ బరువు?"

ఆవిడ దమ్ము తీసుకోవడానికి ఆగింది. నేను పొయ్యి మంట తగ్గించాను.

"అన్నీ ఇచ్చేస్తే మీ నాన్న ఇంటికే రారు. పనైపోయాక ఏ మేడ మెట్ల మీదో కూర్చుంటారు. తలుపు తీసేసరికి ఇంట్లో ఏదో ఒకటి కదులుతూ ఉండాలి."

"పోనీ ఒక్కటి ఉంచు."

"ఒక్కటుంటే అది మూలన చేరి తిండి మానేస్తుంది. జీబ్రా చేపలకి గుంపు కావాలి. ఎక్కువైతే గాలి చాలదు, తక్కువైతే బెంగ. మధ్యలో ఎక్కడో ఉంది ఆ అంకె. అదే వెతుకుతున్నా." కాస్త గొంతు పెంచింది. "ఏమండీ, వింటూ వింటూ టీలో చక్కెర మర్చిపోకండి!"

మర్చిపోయాను నిజంగానే. ముగ్గురం ఆ చప్పటి టీ తాగాం.

వానలు ముదిరేసరికి ఆవిడ కుర్చీలో కూడా కూర్చోలేకపోయింది. మంచం ముందుగదిలోకి తెచ్చి, తొట్టికి ఎదురుగా వేశాను. అప్పటికి చారల జీబ్రాలే మిగిలాయి, అడుగున అద్దానికి అతుక్కుని ఉండే సక్కర్ చేప ఒకటి. జీబ్రాల్లో సగం పై అంతస్తులో ట్యూషన్లు చెప్పే టీచరమ్మ తీసుకెళ్లింది. చిన్న గాజు తొట్టి కొనుక్కుని మరీ వచ్చింది. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర, ఆవిడకి కనపడకుండా, కొంగుతో కళ్లొత్తుకుంది.

ఆరు జీబ్రాలు, ఒక సక్కరు. ఏడు.

"రేపు చివరి పరీక్ష" అంది ఆవిడ. "పొద్దున పంపు ఆపేసి మీరు పనికెళ్లండి. నేను చూస్తుంటా."

"నేనూ ఉంటాను."

"మీరుంటే లెక్క తప్పుతుంది. ఎవరూ లేనప్పుడు ఏమవుతుందో కదా చూడాల్సింది. ఏదైనా తేడా వస్తే ఫోను చేస్తాలెండి. వెళ్లండి."

పంపు ఆపి, ఫోను దిండు పక్కన పెట్టి, సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచాను. మెట్లు దిగబోయి, నాలుగో మెట్టు మీదే కూలబడ్డాను. పనికి రానని ముందే చెప్పేశాను. బయట సన్నగా జల్లు. పై అంతస్తు టీచరమ్మ దిగుతూ, "ఇక్కడ కూర్చున్నారేంటన్నయ్యగారూ?" అంది.

"లోపల పరీక్ష జరుగుతోందమ్మా. నన్ను బయటికి పంపించారు."

ఆమె ఏం అర్థం చేసుకుందో, ఓ కప్పు కాఫీ తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది. మధ్యాహ్నం మరో కప్పు. ఆ మెట్ల మీద కూర్చున్నంతసేపూ లోపలికి చెవి ఒగ్గి ఉన్నాను. ఒకసారి దగ్గు వినిపించింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తలుపు తోసుకుని వెళ్లిపోదామని రెండుసార్లు లేచాను. ఎవరూ లేనప్పుడు కదా చూడాల్సింది అన్న మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాను.

సాయంత్రం ఫోను మోగింది.

"రండి. అందరూ పాసయ్యారు" అంది ఆవిడ.

మరుక్షణం తలుపు తీశాను. ఆవిడ నన్ను చూసి కళ్లు చిట్లించింది.

"ఫోను పెట్టేలోపు వచ్చేశారంటే మెట్ల మీదే ఉన్నారన్నమాట."

"లేదే, దగ్గర్లోనే పని..."

"అబద్ధం చెప్పడం ఈ జన్మకి రాదు మీకు" అంది. మొహంలో ఎన్నాళ్లకో ఒక వెలుగు. బడిలో మొద్దబ్బాయి ఎవరైనా పరీక్ష గట్టెక్కితే ఇంటికొచ్చి అలాగే చెప్పేది. "పొద్దున్నుంచీ ఒక్కటీ పైకి రాలేదండీ. ఏడు. ఇక దీన్ని మార్చకండి. ఎవరిచ్చినా తీసుకోకండి."

"సరే."

"నా మీద ఒట్టేమీ అక్కర్లేదు. సరే అంటే చాలు."

"సరే అన్నానుగా."

పంపు వేశాను. ఆవిడ అప్పటికే నిద్రలోకి జారిపోయింది.

ఆ తర్వాత ఎన్నాళ్లో లేదు. ఒక మధ్యాహ్నం నేనూ అమ్మాయీ చెరోపక్క కూర్చుని ఉండగా నీళ్లడిగింది. అమ్మాయి చెంచాతో నోటి దగ్గర పెట్టేలోపే వెళ్లిపోయింది. ఆ రోజు వాన లేదు. కరెంటు ఉంది. పంపు నడుస్తూనే ఉంది. ఎవరెవరో వచ్చారు, ఏవేవో చేయమన్నారు, అన్నీ చేశాను. అమ్మాయి నన్ను పట్టుకుని ఏడుస్తుంటే వీపు నిమిరాను. నాకు మాత్రం కంట్లో చుక్క రాలేదు. లోపల ఎక్కడో రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

అమ్మాయి ఇంటికి వెళ్లాను. పది రోజులు కూడా ఉండలేకపోయాను. లిఫ్టు పేరే చెప్పి వచ్చేశాను. తలుపు తీసేసరికి జీబ్రాలు ఆ చివర్నుంచి ఈ చివరికి పరుగులు పెడుతున్నాయి. నేను లేనన్నాళ్లూ టీచరమ్మ వచ్చి మేత వేసి వెళ్లిందట.

వానాకాలం పోతూ పోతూ ఒకరోజు కుంభవృష్టి కురిసింది. ఊరికి కరెంటిచ్చే సబ్‌స్టేషన్లోకి నీళ్లొచ్చాయట, పొద్దున నేను పనికెళ్లగానే ఊరంతా కరెంటు పోయింది. ఓ ఆఫీసు మేడలో నలుగురు ఇరుక్కున్నారని ఫోనొచ్చింది. పదకొండు అంతస్తులు ఎక్కి, పైన మెషీన్ గదిలో బ్రేకు వదిలించి, చేత్తో చక్రం తిప్పుకుంటూ లిఫ్టు పెట్టెని ఒక అంతస్తు దగ్గరికి తెచ్చి, కిందికి దిగి తలుపు తీశాను. అందులో ఒకావిడ నా చేతులు పట్టుకుని వదల్లేదు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టేలోపు మళ్లీ ఫోను. ఇంకో మేడ. అక్కడ కూడా అయ్యేసరికి సాయంత్రమైంది. మూడో ఫోను వచ్చింది.

"వేరేవాళ్లని పంపండి" అన్నాను. ఆ మాట నేనెప్పుడూ అనలేదు. అవతల మా కంపెనీ ఆఫీసువాడు నమ్మక మళ్లీ అడిగాడు. "నాకు ఇంట్లో పనుంది" అని పెట్టేశాను.

వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. ఆటోలు లేవు. నడిచాను, నడక చాలక పరుగెత్తాను. ఆయాసం. ఆవిడ పరీక్ష పెట్టిన దానికంటే ఎక్కువసేపయిపోయిందేమోనని భయం. ఈపాటికి పైకొచ్చేసి ఉంటాయి, నోళ్లు తెరుచుకుని ఉంటాయి, స్టూలు వేసుకుని తెల్లవార్లూ అయినా సరే చేత్తో చిలుకుతాను అనుకుంటూ మెట్లెక్కాను. తాళం తీశాను.

లోపల మసక చీకటి. తొట్టి మీద కిటికీ వెలుగు కాస్త పడుతోంది. చప్పుడు లేదు. దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుని చూశాను.

ఆరు జీబ్రాలూ నడిమి నీళ్లలో తీరిగ్గా తిరుగుతున్నాయి. సక్కరు అడుగున తన చోట ఉంది. పైకొచ్చింది ఒక్కటీ లేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని ఉన్నాను. చేయడానికి ఏమీ లేదు.

ఊరంతా ఈదుకుంటూ వచ్చింది దేనికో అప్పుడు తెలిసింది. ఒక్కటైనా నా కోసం పైకొచ్చి నోరు తెరుస్తుందనుకున్నాను. ఆవిడ లెక్క తప్పలేదు. నేను ఎప్పుడొచ్చినా, అసలు రాకపోయినా, ఈ ఏడింటికీ ఏమీ కాదు.

తడి బట్టలతో అలాగే నేల మీద కూలబడ్డాను. మొదట గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది, అది నాదేనని కూడా తెలియలేదు. తర్వాత ఆపుదామన్నా ఆగలేదు. వీధిలో ఎవరో పిల్లలు కరెంటు ఇంకా రాలేదని గోల పెడుతున్నారు. బతుకంతా కరెంటు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసినవాణ్ణి, ఆ సాయంత్రం మొదటిసారి, ఈ ఏడుపు తీరేదాకా అది రాకూడదని కోరుకున్నాను.